కింద పండు, పైన పొడి: ఆపిల్ క్రిస్ప్ మీద మీ సందేహాలు

బజారులో కశ్మీరు ఆపిల్ పెట్టెలు దిగుతున్న రోజులివి. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలోనైతే తోటల్లో స్వయంగా కోసుకొచ్చిన పళ్ళ సంచులు వంటింట్లో కూర్చుని ఉంటాయి. ఈసారి చాలా ఉత్తరాలు ఆపిల్ క్రిస్ప్ చుట్టూనే తిరిగాయి. పాలు, వెన్న, నెయ్యి, గుడ్డు, తేనె ఏవీ లేకుండా చేసే పద్ధతికే జవాబులు రాస్తున్నాను.

మా అబ్బాయి ఏడాదిగా పాలు, నెయ్యి, గుడ్లు మానేశాడు. అక్టోబరులో వాడి పుట్టినరోజు. నాకు కేకు ఎప్పుడూ సరిగా కుదరదు. ఓవెన్‌లో తేలిగ్గా అయ్యే పండ్ల తీపి ఏదైనా కొలతలతో చెప్పండి.
— ఒక తల్లి, హైదరాబాదు

కేకు కుదరనివాళ్ళకు కూడా కుదిరేది ఆపిల్ క్రిస్ప్. కేకులో గుడ్డు పొంగిస్తుంది, పిండిని పట్టి ఉంచుతుంది. ఇందులో పొంగాల్సిందీ లేదు, నిలబడాల్సిందీ లేదు. అందుకే గుడ్డు లేని లోటు తెలియదు. కింద పళ్ళ ముక్కలు, పైన ఓట్సు, పిండి, బెల్లం, నూనె కలిపిన పొడి, అంతే. కింది పండు మెత్తబడి రసం చిక్కబడాలి. పైపొడి ఎండి, దోరగా వేగి కరకరలాడాలి. ఇవి రెండూ వేరువేరు పనులని గుర్తుంటే చాలు, మిగతా సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరతాయి.

ఆరు నుంచి ఎనిమిది మందికి, 8 అంగుళాల చదరపు గాజు గిన్నెకు సరిపడా కొలతలివి.

కిందికి: ఆపిల్ 1 కిలో, పంచదార 60 గ్రాములు, నిమ్మరసం 1 పెద్ద చెంచా, కార్న్‌ఫ్లోర్ 1 పెద్ద చెంచా, దాల్చినచెక్క పొడి 1 చిన్న చెంచా, చిటికెడు ఉప్పు.

పైకి: ఓట్సు 100 గ్రాములు, గోధుమపిండి 90 గ్రాములు, బెల్లం పొడి 100 గ్రాములు, కొబ్బరి నూనె 90 గ్రాములు, అక్రోట్లు 50 గ్రాములు, పావు చిన్న చెంచా ఉప్పు.

ఓవెన్‌ను ముందుగా 180 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయండి. ఆపిల్ చెక్కు తీసి, గింజల భాగం తొలగించి, పావు అంగుళం మందాన ముక్కలు కోయండి. కింది దినుసులన్నీ ముక్కలకు పట్టించి గిన్నెలో పరచండి. పైపొడికి ఓట్సు, పిండి, బెల్లం, ఉప్పు కలిపి, గడ్డకట్టిన కొబ్బరి నూనె వేసి వేళ్ళతో నలపండి. నెయ్యి కలిపిన సున్నుండల పిండిలా, పిడికిట్లో నొక్కితే నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. చివర్లో అక్రోట్లు చిదిమి కలపండి. దీన్ని పళ్ళ మీద చల్లండి, అదమకండి.

45 నుంచి 50 నిమిషాలు పడుతుంది. గడియారం కన్నా గిన్నెను నమ్మండి. పొడి ఎర్రగా దోరబడాలి. రసం అంచుల్లోనే కాక మధ్యలో కూడా చిక్కటి బుడగలుగా ఉడకాలి. కార్న్‌ఫ్లోర్ చిక్కబడేది మరుగుకు దగ్గరగా వేడెక్కినప్పుడే. మధ్యలో బుడగ రాకుండా దించితే అడుగున పచ్చి పిండి రుచి, నీళ్ళు మిగులుతాయి. దించాక అరగంట ఆగి వడ్డించండి. చల్లారేకొద్దీ రసం ఇంకా చిక్కబడుతుంది.

అమెరికా పద్ధతిలో 100 గ్రాముల వెన్న అని ఉంటే, బదులుగా 100 గ్రాముల కొబ్బరి నూనె పోశాను. పొడి కాస్తా ముద్దయింది, పైన నూనె తేలింది. పైగా కొబ్బరి వాసన మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. వనస్పతి వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

వెన్నలో కొవ్వు 80 శాతం వరకే ఉంటుంది, మిగతాది ఎక్కువగా నీరు. కొబ్బరి నూనె మొత్తం కొవ్వే. కాబట్టి 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నూనె చాలు. వెన్నలోని నీరు పిండిని ఉండలు కట్టిస్తుంది. నూనె వాడినప్పుడు ఆ పనికి ఒక చెంచా చన్నీళ్ళు చిలకరించుకోవాలి.

రెండో కారణం మీ ఊరి వాతావరణం. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చలిదేశాల వంటింట్లో అది సీసాలోనే పేరుకుని ఉంటుంది, విశాఖలో అక్టోబరులో కూడా నీళ్ళలా ఉంటుంది. నూనెను ఫ్రిజ్‌లో పెట్టి, మెత్తగా పేరుకోగానే తీయండి. మరిచిపోతే రాయిలా బిగుస్తుంది. అంత ఓపిక లేకపోతే కరిగిన నూనెతోనే పొడి కలిపి, ఆ పొడినే ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి తర్వాత చల్లండి.

వాసన గిట్టకపోతే రిఫైన్డ్ కొబ్బరి నూనె తీసుకోండి. పొద్దుతిరుగుడు నూనె కూడా పనికొస్తుంది కానీ పైపొడి ఉండలు కట్టకుండా కాస్త ఇసుకలా ఉంటుంది. వనస్పతి మొక్కల నుంచి వచ్చేదే. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని 2022 నుంచి నిబంధన ఉంది కాబట్టి పాత రోజుల వనస్పతితో దీన్ని పోల్చలేం. అయినా రుచి కోసం నేను దాన్ని ఎంచుకోను. మార్జరిన్ కొనేటట్టయితే డబ్బా మీద దినుసుల జాబితా చూడండి. కొన్నింటిలో పాల పదార్థాలు కలుపుతారు.

మా బజారులో దొరికే ఎర్ర ఆపిల్‌తో చేస్తే ముక్కలు మెత్తటి గుజ్జయిపోయాయి. ఏ రకం కొనాలి?
— ఒక గృహిణి, గుంటూరు

మీకు దొరికింది బహుశా డెలిషియస్ జాతి ఎర్ర ఆపిల్. కొరికి తినడానికి బాగుంటుంది. పులుపు తక్కువ, వేడికి త్వరగా లొంగుతుంది. ఈ జాతిని హిమాచల్ కొండలకెక్కించినవాడు ఒక అమెరికన్. ఫిలడెల్ఫియా నుంచి 1904లో మన దేశానికి వచ్చిన శామ్యూల్ స్టోక్స్ సిమ్లా కొండల్లో కోట్‌గఢ్ ప్రాంతంలో స్థిరపడి, అమెరికా నుంచి డెలిషియస్ మొక్కలు తెప్పించి నాటించాడు. తర్వాత హిందూమతం స్వీకరించి సత్యానంద్ స్టోక్స్ అయ్యాడు. ఆయన నాటించింది చేత్తో పట్టుకు తినే పండు. ఓవెన్‌కు కావలసిన గుణాలు వేరు.

పుల్లటి పండు వేడికి నిలుస్తుంది. ఆపిల్ కణాలను పట్టి ఉంచే పెక్టిన్ పులుపున్నచోట అంత తొందరగా కరగదు. పచ్చటి గ్రానీ స్మిత్ అందుకే బేకింగ్‌కు పేరుపడింది. పసుపుపచ్చ గోల్డెన్ డెలిషియస్ కూడా మంచిదే. గ్రానీ స్మిత్ ఖరీదనుకుంటే సగం అది, సగం ఎర్రది కలపండి. ఎర్రది కొంత కరిగి గుజ్జవుతుంది, పచ్చది ముక్కగా నిలుస్తుంది. నాకు అన్నింటికన్నా నచ్చే కలయిక ఇదే.

ఎర్రవే ఉంటే మూడు మార్పులు చేయండి. ముక్క అరంగుళం మందం కోయండి. నిమ్మరసం రెండు పెద్ద చెంచాలు వేయండి. పంచదార సగానికి తగ్గించండి. ఇంకో చిట్కా కూడా ఉంది. కోసిన ముక్కల మీద మరిగిన నీళ్ళు పోసి పది నిమిషాలుంచి పూర్తిగా వార్చేయండి. ముక్కలు తగలగానే నీళ్ళ వేడి మరుగు కన్నా బాగా కిందికి దిగుతుంది. ఆ తగ్గిన వేడిలో పండులోని ఒక ఎంజైము పెక్టిన్‌ను బిగిస్తుంది. ఆ తర్వాత ఓవెన్ వేడికి ముక్క అంత త్వరగా చెదరదు.

పురిటికి సాయంగా అమ్మాయి దగ్గరికి వచ్చాను. పోయిన శనివారం అందరం తోటకు వెళ్ళి ఆపిల్ కోసుకొచ్చాం. నాలుగైదు రకాలు కలిసిపోయాయి. ఏవి వండాలో, ఏవి దాచాలో తెలియడం లేదు.
— ఒక అమ్మమ్మ, న్యూజెర్సీ

అమ్మా, ముందు దెబ్బ తగిలినవి, పురుగు తొలిచినవి ఏరి పక్కన పెట్టండి. వాటిని ఈ వారమే వండేయండి. చెడ్డభాగం కోసేస్తే మిగతాది క్రిస్ప్‌కు బాగానే ఉంటుంది. మంచివి చిల్లుల సంచిలో వేసి ఫ్రిజ్ అడుగు అరలో పెడితే వారాలపాటు నిలుస్తాయి. ఆపిల్ నుంచి ఎథిలీన్ వాయువు వస్తుంది. అది పక్కనున్న ఆకుకూరలను త్వరగా పండబారుస్తుంది. గోంగూర, కొత్తిమీర వేరే అరలో పెట్టుకోండి.

రకాల సంగతికొస్తే, మెకిన్‌టాష్ వాసనకు గొప్పది కానీ ఉడికితే పూర్తిగా కరిగిపోతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1991లో విడుదల చేసిన హనీక్రిస్ప్ వేడికి బాగా నిలుస్తుంది. పేరు తెలియకపోతే ఒక్కో రకం ముక్క కొరికి చూడండి. గట్టిగా, పుల్లగా ఉన్నవి మూడు వంతులు, మెత్తనివి ఒక వంతు కలపండి. బాలింతకు పెట్టాలనుకుంటే మీ ఇంటి పథ్యం మీకు తెలుసు, డాక్టరు చెప్పిందీ వినండి. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చేటట్టయితే గింజపప్పుల అలర్జీ ఉందేమో వాళ్ళ అమ్మలను అడగందే అక్రోట్లు వేయకండి. బదులుగా గుమ్మడి గింజలు వేయవచ్చు.

పైన కరకరలాడుతుందన్నారు. మాది మాత్రం పైపొడి తడిసి ఉప్మాలా అయింది. ఓటీజీలోనే చేశాను. ఎక్కడ తేడా వచ్చింది?
— ఒక పాఠకుడు, వరంగల్లు

కింది తడి పైకి ఎక్కే దారులు నాలుగు. మీది ఏదో చూసుకోండి.

ఒకటి, లోతైన గిన్నె. పండు మూడంగుళాల మందాన ఉంటే లోపల ఉడికేలోగా ఆవిరి పైపొడిని తడిపేస్తుంది. వెడల్పు గిన్నె వాడి, పండు రెండంగుళాలకు మించకుండా పరచండి.

రెండు, పంచదార కలిపిన ముక్కలను గంటసేపు అలా వదిలేయడం. ఈలోగా ఊరిన నీరంతా గిన్నెలో చేరుతుంది. కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టండి. ఆలస్యమైతే ఆ నీరు వేరే గిన్నెలోకి వంచి, పొయ్యి మీద సగానికి మరిగించి మళ్ళీ పోయండి.

మూడు, ఓటీజీలో కింది కడ్డీ ఒక్కటే వెలిగించడం. పైదీ కిందిదీ రెండూ వెలగాలి, గిన్నె మధ్య అరలో ఉండాలి. పొడి ముందే ఎర్రబడితే చివరి పావుగంట పైన అల్యూమినియం రేకు వదులుగా పరచండి. అంచులు బిగించకండి.

నాలుగు, వేడిగా ఉండగానే మూతపెట్టడం. మన ఇళ్ళలో జరిగేది ఎక్కువగా ఇదే. ఈగలు వాలతాయని మూత వేస్తాం, ఆవిరి చుక్కలై పొడి మీద పడుతుంది. జల్లెడ బోర్లించండి, గాలి ఆడుతుంది.

మా పొలంలో సీతాఫలాలు విరగకాశాయి. ఆపిల్ బదులు వాటితో చేశాను. చేదు వచ్చింది. పండు చెడిపోయిందా?
— ఒక రైతు కుటుంబం, మహబూబ్‌నగర్

పండు చెడలేదు. సీతాఫలం గుజ్జు గుణమే అంత. వేడి పెడితే చేదెక్కుతుంది. బాలానగర్ రకమైనా, అడవి కాయైనా ఇదే తీరు. సీతాఫలం ఐస్‌క్రీమ్ ఇంత బాగుండటానికి గుజ్జు పొయ్యి ఎక్కకపోవడమే కారణం.

మీ పళ్ళను వాడుకునే దారి ఉంది. పైపొడిని విడిగా పళ్ళెంలో పరచి 180 డిగ్రీల వద్ద 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలుపుతూ వేయించి చల్లార్చండి. సీతాఫలం గుజ్జును చేత్తో గింజలు తీసి, చిక్కటి కొబ్బరిపాలు కలిపి ఫ్రిజ్‌లో చల్లబరచండి. తినేముందు గుజ్జు మీద పొడి చల్లండి. గింజలతో సహా మిక్సీలో వేయకండి. నలిగిన గింజ విషపూరితం, కంట్లో పడితే మరీ ప్రమాదం.

ఓవెన్‌లో పెట్టడానికి పొలం పండే కావాలంటే జామ వాడండి. దోరగా పండిన జామకాయల గింజల భాగం తీసేసి, ఆపిల్ కొలతలతోనే చేయండి. 35 నుంచి 40 నిమిషాలు చాలు.

ఇక్కడ అందరూ క్రంబుల్ అంటారు, అందులో ఓట్సు ఉండవు. పైన వేడి కస్టర్డ్ పోసుకుంటారు. పాలు లేకుండా అది వీలవుతుందా?
— ఒక విద్యార్థిని, లెస్టర్

చక్కగా వీలవుతుంది. క్రంబుల్ బ్రిటన్‌లో ఇంటింటి వంటగా స్థిరపడింది రెండో ప్రపంచయుద్ధం నాటి రేషన్ రోజుల్లో. ఆపిల్ ‘పై’ (pie) చేయాలంటే పిండి పొర పరచాలి, దానికి కొవ్వు, పిండి ఎక్కువ పడతాయి. పొడిగా చల్లితే తక్కువతో గడుస్తుంది. 180 గ్రాముల మైదా, 90 గ్రాముల గట్టి వీగన్ మార్జరిన్, 90 గ్రాముల పంచదార నలిపితే ఇప్పటికీ అదే పొదుపైన క్రంబుల్.

అక్కడ వంటకు వాడే ఆపిల్ బ్రామ్లీ. దాని తల్లిచెట్టు మీకు దగ్గర్లోని నాటింగమ్‌షైర్‌లో, సౌత్‌వెల్ ఊళ్ళో పుట్టింది. విపరీతమైన పులుపు, ఉడికితే నురగలా విచ్చిపోతుంది. బ్రిటన్‌వాళ్ళకు ఆ మెత్తదనమే ఇష్టం. అది వాడితే కిందికి పంచదార 100 గ్రాముల దాకా పెంచండి, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు.

కస్టర్డ్ పొడిని 1837లో బర్మింగమ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ తయారుచేశాడు. ఆయన భార్యకు గుడ్లు పడవు. అందుకే ఆ పొడిలో గుడ్డు లేదు, ఉన్నది ముఖ్యంగా కార్న్‌ఫ్లోరే. మిగిలింది పాల సమస్య. అర లీటరు సోయాపాలు లేదా ఓట్స్ పాలకు రెండు పెద్ద చెంచాల పొడి, ఒకటిన్నర చెంచా పంచదార చాలు. పొడిని ముందు కొంచెం చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న పాలలో పోసి, గరిట ఆపకుండా తిప్పండి.

మాకు ఓవెన్ లేదు. కుక్కర్‌లో ఇసుక పోసి చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

వద్దమ్మా. కుక్కర్‌లో వేడి కింద నుంచే వస్తుంది, పైపొడి ఎర్రబడదు. పండు ఆవిరికి అది తడిసిపోతుంది కూడా. నీళ్ళు లేని వేడికి గాస్కెట్ పాడవడం అదనం.

రెండు మూకుళ్ళు చాలు. మొదటిదాంట్లో నాలుగు చెంచాల కొబ్బరి నూనె వేసి, ఓట్సు, గోధుమపిండి సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా పది నిమిషాలు వేయించండి. పల్లీలో జీడిపప్పో వేయండి. పొయ్యి కట్టేసి, కాస్త వేడి తగ్గాక బెల్లం పొడి కలపండి. పొయ్యి మీదే కలిపితే పాకమై ముద్ద కడుతుంది. రెండోదాంట్లో ఆపిల్ ముక్కలు, పంచదార, నిమ్మరసం, రెండు చెంచాల నీళ్ళు వేసి మూతపెట్టి ఆరేడు నిమిషాలు మగ్గించండి. చెంచా కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో కలిపి పోసి, ఒక పొంగు రానివ్వండి. గిన్నెల్లో పండు, పైన పొడి. వడ్డించే క్షణం దాకా రెంటినీ కలపకండి.

కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్ళు కన్వెక్షన్ పద్ధతిలోనే చేయాలి. ఒట్టి మైక్రోవేవ్‌లో ఏదీ ఎర్రబడదు.

నాకు మధుమేహం. పంచదార బదులు బెల్లం, పైగా వెన్న లేదు కాబట్టి కాస్త ఎక్కువ తిన్నా ఫరవాలేదని మా కోడలు అంటోంది. నిజమేనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

మీ కోడలి అభిమానం మంచిదే గాని లెక్క తప్పింది మాస్టారూ. బెల్లంలో ఉండేదీ ముఖ్యంగా సుక్రోజే. రక్తంలో చక్కెర విషయంలో దాన్ని పంచదారతో సమానంగానే లెక్కించాలి. పైన ఇచ్చిన కొలతల్లో కలిపిన తీపి మొత్తం 160 గ్రాములు. ఎనిమిది వాటాలు చేస్తే ఒక్కోదాంట్లో 20 గ్రాములు. ఇలా చేర్చిన తీపిని రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంచితే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనుషులకే చెబుతోంది. ఆపిల్‌లో సహజంగా ఉన్న చక్కెర దీనికి అదనం. వెన్న తీసేసి కొబ్బరి నూనె వేసినంత మాత్రాన కెలోరీలూ తగ్గవు.

తీపి ఆపిల్ తీసుకుంటే కిందికి పంచదార పూర్తిగా మానేయవచ్చు. పైన బెల్లం 60 గ్రాములకు తగ్గించి, అక్రోట్లు పెంచండి. అప్పుడు వాటాకు ఏడెనిమిది గ్రాములే. అంతకన్నా తగ్గిస్తే కరకర పోతుంది, ఎందుకంటే చక్కెర కరిగి మళ్ళీ గట్టిపడటం వల్లే ఆ గుణం వస్తుంది. చిన్న వాటా భోజనం చివర తినండి. మీ డాక్టరు వద్దంటే మాత్రం ఆ మాటే చివరి మాట.

నాకు గోధుమ పడదు. పైపొడి ఎలా చేసుకోవాలి?
— ఒక ఐటీ ఉద్యోగిని, బెంగళూరు

పొంగాల్సిన పని లేదు గనుక గ్లూటెన్ లేకున్నా క్రిస్ప్‌కు నష్టం లేదు. 60 గ్రాముల జొన్నపిండి, 30 గ్రాముల బాదం పొడి కలిపి గోధుమపిండి స్థానంలో వేయండి. జొన్న నీరు ఎక్కువ పీలుస్తుంది, ఒక చెంచా నీళ్ళు అదనంగా చిలకరించండి. ఓట్సులో సహజంగా గోధుమ గ్లూటెన్ లేకపోయినా, పొలంలో, మిల్లులో గోధుమ కలుస్తుంది. గ్లూటెన్ లేదని ముద్ర ఉన్న పొట్లమే కొనండి. దొరక్కపోతే పలచటి అటుకులు దోరగా వేయించి, చేత్తో కాస్త నలిపి వాడండి.

పంచదార శుద్ధికి ఎముకల బొగ్గు వాడతారట కదా. అయితే ఏది కొనాలి?
— ఒక పాఠకుడు, డాలస్

అమెరికాలో చెరకు పంచదార కొన్ని కర్మాగారాల్లో అలా శుద్ధి చేస్తారు. బీట్ పంచదారకు, ఆర్గానిక్ ముద్ర ఉన్న చెరకు పంచదారకు ఆ పద్ధతి వాడరు. ఆ రెంటిలో ఏదైనా తీసుకోండి. ఇండియన్ స్టోర్లో దొరికే బెల్లం పొడితోనూ ఇబ్బంది లేదు.

దీపావళికి పాతికమంది వస్తున్నారు. ముందురోజే చేసి ఉంచుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

పూర్తిగా చేసి ఉంచకండి. రాత్రంతా పొడి రసం పీలుస్తుంది. పైపొడి మాత్రం వారం ముందే చేసి, గాలి చొరని డబ్బాలో వేసి డీప్ ఫ్రీజర్‌లో దాచండి. కరిగించకుండా అలాగే చల్లవచ్చు. ముక్కలు ఆ రోజే కోయండి, నల్లబడకుండా వెంటనే నిమ్మరసం పట్టించండి.

పాతికమందికి కొలతలు మూడింతలు చేయండి, గిన్నెలు కూడా మూడు పెట్టండి. ఒకే పెద్ద గిన్నెలో కుక్కితే మధ్య ఉడకదు. చిన్న ఓవెన్‌లో మూడూ ఒకేసారి పెడితే వేడి తిరగదు, ఒకదాని తర్వాత ఒకటి చేయండి. మధ్యాహ్నం చేసినవి రాత్రి వడ్డనకు ముందు మూత లేకుండా 170 డిగ్రీల వద్ద పావుగంట ఉంచితే పొడి మళ్ళీ బిగుసుకుంటుంది. మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది. మర్నాడు పొద్దున్నే చల్లగా తినడానికి ఇంట్లో ఒకరిద్దరు పోటీ పడతారు. వాళ్ళకు ఒక వాటా ముందే తీసి దాచండి.